గండికోటలో ఎవరి మీద ఎవరు గెలిచారు?

గండికోట మీద రీల్ అంటే ఫార్మాట్ ఫిక్స్. డ్రోన్ షాట్, ఎర్ర బండల మధ్య పెన్న, వెనకాల ఏదో సినిమా బీజీఎం, కింద 'ఇండియా గ్రాండ్ కెన్యన్' అని క్యాప్షన్. ముప్పై సెకన్లు. బాగానే ఉంటాయి, నేనూ లైక్ కొడతాను. కింద కామెంట్లు చదివినప్పుడే తలనొప్పి.

కెమెరా లోయ నుంచి కోట లోపలికి తిరిగిందంటే మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు మినార్లు కనిపిస్తాయి. అంతే, కామెంట్లలో రెండు టీములు రెడీ. ఒక టీమ్ 'చూడండి, మన గుడి పక్కన వాళ్ల మసీదు, మనల్ని ఎలా ఓడించారో' అంటుంది. రెండో టీమ్ 'అప్పట్లో అందరూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్లు, ఇప్పుడే చెడిపోయాం' అంటుంది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మొదటి టీముకి మెజారిటీ. మా ఆఫీసు గ్రూపులో రెండోది. ఈ వారం ఇద్దరినీ కాస్త ఇబ్బంది పెడదాం.

ముందు కోట సంగతి క్లుప్తంగా. ఎర్రమల కొండల్ని పెన్న నది కోసుకుంటూ వెళ్లిన చోటు గండి, దాని పక్కన కోట, అందుకే గండికోట. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. కాకరాజు అనే కల్యాణి చాళుక్యుల సామంతుడు 1123లో మొదటి కోట కట్టాడని చెప్తారు. తర్వాత విజయనగరం వచ్చింది, దాని కింద పెమ్మసాని నాయకులు వచ్చారు. పెమ్మసాని రామలింగనాయుడి పేరు రాయవాచకంలో కృష్ణదేవరాయల సేనానుల్లో వినిపిస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 'కింద' అన్న మాటలోనే అసలు సరుకు ఉంది.

మీరే రాజు అనుకోండి. రాజధాని హంపి. గండికోటలో మీకు రెండు వేల మంది సైనికులు కావాలి. బ్యాంకుల్లేవు, జీతాలు ట్రాన్స్‌ఫర్ చేసే దారి లేదు. ఎడ్ల బండ్లలో డబ్బు పంపితే దారిలో దొంగలు. ఏం చేస్తారు? నమ్మకమైన యోధుడిని పిలిచి 'ఈ ఊళ్ల పన్ను నువ్వే వసూలు చేసుకో, దాంతో ఇంత సైన్యాన్ని పోషించు, నాకు ఇంత కట్టు, పిలిచినప్పుడు సైన్యంతో రా' అంటారు. దీన్నే అమరనాయంకరం అన్నారు. ఆ యోధుడు నాయకుడు.

ఐడియా విజయనగరం ఒక్కదానిదే కాదు. తుర్కీలో ఒట్టోమాన్ సుల్తానులు గుర్రపు రౌతులకు ఇచ్చిన తిమార్లు ఇలాంటివే. మొగలుల జాగీర్లు ఇలాంటివే. జపాన్‌లో దైమ్యోలు కూడా దాదాపు ఇదే జాతి. అందరికీ వచ్చే బగ్ కూడా ఒక్కటే: ఊళ్లూ పన్నూ సైన్యమూ చేతిలో ఉన్నవాడు రేపు 'నేనే రాజు' అంటే?

దానికి ఒక్కొక్కరు ఒక్కో ప్యాచ్ వేశారు. మొగలులు జాగీర్దార్లను కొన్నేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్ చేసేవాళ్లు, ఎక్కడా వేళ్లూనకుండా. జపాన్ షోగన్ 1635లో దైమ్యోలు ఏడాది విడిచి ఏడాది ఎదో నగరానికొచ్చి ఉండాలనీ, వాళ్ల పెళ్లాంపిల్లలు ఎప్పుడూ అక్కడే ఉండాలనీ రూలు పెట్టాడు. పేరు మర్యాదగా పెట్టినా అది తాకట్టే. విజయనగరంలో నాయకుల ప్రతినిధులు రాజధానిలో ఉండేవాళ్లు. మహానవమి పండగకు నాయకులు వచ్చి కట్టాల్సింది కట్టేవాళ్లు. కానీ గండికోటలో పెమ్మసాని వాళ్లు తరతరాలుగా అక్కడే ఉండిపోయారు. ట్రాన్స్‌ఫర్లు లేవు. అందుకే 1565లో రాక్షసి తంగడి (తళ్ళికోట) యుద్ధంలో విజయనగరం కూలిపోయినా, రాజధాని పెనుకొండకూ చంద్రగిరికీ వేలూరుకూ మారుతూ పోయినా, గండికోట మాత్రం ఇంకో 85 ఏళ్లు నిలబడింది.

ఇప్పుడు 'మనం - వాళ్లు' టీముకి ఒకట్రెండు అప్‌డేట్లు.

విజయనగర రాజులు బుక్కరాయల కాలం నుంచీ తమను తాము 'హిందూరాయ సురత్రాణ' అని చెప్పుకున్నారు. సురత్రాణ అంటే సుల్తాన్. హిందూ రాజుల్లో సుల్తాన్ అన్నమాట. రెండో దేవరాయలు తన సైన్యంలోకి ముస్లిం విలుకాళ్లనూ రౌతులనూ తీసుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన అహ్మద్ ఖాన్ 1439లో రాజధానిలో మసీదు కట్టించి, శాసనంలో దాన్ని ధర్మశాల అని రాయించాడు. ఇటు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు నేర్చాడు, తెలుగు కవులను పోషించాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆయనకే.

రెండో టీమ్ అప్పుడే చప్పట్లు కొట్టొద్దు. 1565లో విజయనగరం మీదికి కలిసి వచ్చిన సుల్తానుల్లో ఇదే ఇబ్రహీం కుతుబ్ షా ఉన్నాడు. తెలుగు పద్యం మీద ప్రేమ, పక్క రాజ్యం మీద దాడి, రెండూ ఒకే మనిషిలో హాయిగా సర్దుకున్నాయి.

ఇక మీర్ జుమ్లా. ఈయన మీద ఇంతవరకూ వెబ్ సిరీస్ రాకపోవడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది. పర్షియాలో నూనె వర్తకుడి కొడుకు. గోల్కొండ వచ్చి వజ్రాల వ్యాపారం చేశాడు. సొంత ఓడలు నడిపాడు. వజ్రాల గనులు కౌలుకు తీసుకున్నాడు. అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర వజీర్ అయ్యాడు. రాయలసీమ, నెల్లూరు వైపు దండయాత్రకు వెళ్లి, గెలిచిన నేలను దాదాపు సొంత రాజ్యంలా ఏలుకున్నాడు. వ్యాపారం లాభంతో సైన్యం, సైన్యంతో భూమి, భూమి ఆదాయంతో మళ్లీ వ్యాపారం. 1650లో గండికోట ఆయన చేతికొచ్చింది.

ఎలా వచ్చింది? మన సీమలో చెప్పుకునే కథలో మంత్రి పొదిలి లింగన్న లంచానికి లొంగి, చినతిమ్మానాయుడికి విషం పెట్టాడు. ఓడిపోయిన ప్రతి కోటకూ ఇలాంటి ద్రోహి ఒకడు ఉంటాడు, గమనించారా? మనవాడే మోసం చేస్తే తప్ప మనం ఓడం అనుకోవడంలో ఒక ఓదార్పు ఉంది.

ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ చెప్పింది వేరు. ఆయన 1652లో గండికోటకే వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఆయన పుస్తకం 1676లో అచ్చయింది. కొండ పైకి ఉన్న దారి ఇరుకు, ఫిరంగులు ఎక్కడం అసాధ్యం అనిపించే దారి. మీర్ జుమ్లా తన ఫిరంగి వాళ్లకు మామూలు జీతం మీద నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానన్నాడట. ఫిరంగులు పైకెక్కాయి, కోట గుమ్మం బద్దలైంది, కోట లొంగింది. ఆ ఫిరంగి వాళ్లెవరు? ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి కూలి సైనికులు. అంటే హిందూ నాయకుడి కోటను, షియా పర్షియన్ వ్యాపారి కోసం, బోనస్ తీసుకుని, క్రైస్తవ ఫిరంగి వాళ్లు కొట్టారు. ఈ గొడవను ఏ టీములో వేస్తారో మీరే చెప్పండి.

టావెర్నియర్ పుస్తకంలో నాకు బాగా నచ్చిన సీన్ ఇంకొకటి. డేరాలో మీర్ జుమ్లా చెప్పుల్లేకుండా కూర్చున్నాడు. కాలి వేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమ చేతి వేళ్ల సందుల్లో కాగితాలు. కాళ్ల నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి లాగుతూ దేనికి ఏం జవాబు రాయాలో చెప్తున్నాడు. మా మేనేజర్ ఇరవై ట్యాబులు తెరుచుకుని స్టాండప్ మీటింగుకి వచ్చినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు.

కానీ అదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంది, దాన్ని రెండో టీమ్ దాటేస్తుంది. మీర్ జుమ్లాకు 20 ఫిరంగులు పోత పోయాలి. రాగి కావాలి. ఎక్కణ్నుంచి? గుళ్లలోని విగ్రహాలు. చుట్టుపక్కల గుళ్ల నుంచి రాగి విగ్రహాలు తెప్పించి మయే అనే ఫ్రెంచి వాడి చేతిలో పెట్టాడు. గండికోట గుళ్లోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదనీ, పూజారులు ఏదో మంత్రం వేశారని నవాబు మండిపడ్డాడనీ, చివరికి మయే ఒక్క ఫిరంగీ సరిగ్గా పోయలేకపోయాడనీ టావెర్నియర్ రాశాడు. కరగకపోవడం సంగతి పక్కన పెట్టండి. కరిగినవి కరిగాయి కదా. ఏ ఊళ్లోనో తాతల నాటి నుంచి దీపం పెట్టిన దేవుడు ఒక రోజు బండెక్కి వెళ్లి కొలిమిలో పడ్డాడు. ఆ ఊరి వాళ్లకు అది 'రాజకీయ ఆర్థిక కారణం' కాదు. 'అందరూ అన్నదమ్ములే' అన్న వాక్యంలో ఆ ఊరికి చోటు లేదు.

మరి కోపం ఎవరి మీద? మా ఇంటి గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చినప్పుడు దాన్ని నా ఇంజినీరింగ్ ఫ్రెండుకి చూపించాను. ప్రొద్దుటూరు వాడు, దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాడు చదివి నవ్వలేదు. "మామా, మీర్ జుమ్లా మాకేమన్నా సుట్టమా? ఆయప్ప యాడో ఇరాన్ నుంచి వచ్చినోడు, కోట్లకు పడగలెత్తినోడు. మా తాత ఈడనే ఇంటింటికీ తిరిగి దూది ఏకినోడు. ఆయప్ప చేసిందానికి నన్ను అడుగుతాండారే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటి గ్రూపులో ఆ మాట యథాతథంగా టైప్ చేసి పెట్టాను. మా బాబాయి ఒక్కడే రిప్లై ఇచ్చాడు, అదీ నమస్కారం ఎమోజీ. దాని అర్థం ఒప్పుకున్నాడనా, ఇక చాలు అనా, మన పెద్దవాళ్ల ఎమోజీలు మీకు తెలిసిందే.

మీర్ జుమ్లా గోల్కొండకైనా నమ్మకంగా ఉన్నాడా అంటే, అదీ లేదు. 1655లో ఆయన కొడుకు మహమ్మద్ అమీన్ గోల్కొండ దర్బారులో మితిమీరి ప్రవర్తిస్తే కుతుబ్ షా జైల్లో పెట్టాడు. అప్పటికే మొగలులతో బేరం నడుపుతున్న మీర్ జుమ్లా అటు దూకేశాడు. అదే సాకుగా 1656లో ఔరంగజేబు హైదరాబాద్ మీదికి వచ్చాడు. మీర్ జుమ్లా షాజహాన్‌కు దివాన్ అయ్యాడు, అన్నదమ్ముల సింహాసనం యుద్ధంలో ఔరంగజేబు వైపు నిలిచాడు, అస్సాం దండయాత్రకు వెళ్లి 1663లో జబ్బుతో పోయాడు. షియా గోల్కొండను 1687లో పూర్తిగా మింగేసింది అదే ఔరంగజేబు. ముస్లిం రాజ్యాన్ని ముస్లిం చక్రవర్తి, మధ్యలో ముస్లిం వజీర్ సాయంతో. మొదటి టీమ్ లెక్క ఇక్కడ కూడా కుదరదు.

మరి పోరు దేని కోసం? గండికోట వెళ్తే మసీదు పక్కనే ఉన్న గాదెలోకి తప్పకుండా వెళ్లండి. రీల్స్‌లో దీనికి రెండు సెకన్లు కూడా దొరకవు. కమాను కప్పు, మందపాటి గోడలు, మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. కోటలో అందరూ తిన్నది ఇందులోంచే. నాయకుడి కాలంలోనూ, నవాబు కాలంలోనూ.

అందులోకి ధాన్యం ఎక్కడిది? 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిందాని ప్రకారం భూమి అంతా రాజుది, రాజు నాయకులకిస్తాడు, వాళ్లు రైతులకిస్తారు, రైతు పదిలో తొమ్మిది వంతులు దొరకు కడతాడు. తొమ్మిది అనేది ఎక్కువ చేసి రాశాడనే అనుకుందాం. సగమే అనుకున్నా, ఈ వానల్లేని నేలలో, జొన్నలూ కొర్రలూ పండే చోట, సగం అంటే ఎంతో సీమలో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు. కోట మీద జెండా మారిన రోజు ఆ రైతుకు మారింది గింజలు కొలిపించుకునే వాడి పేరు.

ఇప్పుడు కోటకు ఎగువన పెన్న మీద గండికోట రిజర్వాయరు ఉంది, సుమారు 27 టీఎంసీలది. సీమకు నీళ్లు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. దాని కోసం కొండాపురం మండలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరులోకి నీళ్లు వచ్చినప్పుడు జనం పరిహారం సంగతి తేల్చమని అడుగుతూనే సామాన్లు ట్రాక్టర్లకెత్తుకున్నారు. డ్రోన్ తీసుకెళ్లే వాళ్లు ఈసారి దాన్ని కొంచెం పడమటి వైపు కూడా తిప్పండి. నీళ్లు చాలా అందంగా ఉంటాయి. క్యాప్షన్‌లో ఆ ఊళ్ల పేర్లు కూడా రాయండి.