ఇంజను నడిపిన ప్రధాని

1945 నుండి 1949 వరకు ఆస్ట్రేలియా ప్రధానిగా ఉన్న బెన్ చిఫ్లీగారు బాథర్స్ట్ ఊరి కమ్మరి కుమారుడు. 1903లో రైల్వే షెడ్డులో కుర్రవాడుగా చేరి, ఇంజన్లు తుడిచి, బొగ్గు వేసి, 1914 నాటికి మొదటి తరగతి డ్రైవరైనారు. చదువంతా రాత్రిపూటనే.

1917 ఆగస్టులో, ఎవరు ఏ పనికి ఎంతసేపు పట్టించారో కార్డుమీద వ్రాసే క్రొత్త పద్ధతి వద్దని రైల్వే పనివారు సమ్మెకట్టారు. చిఫ్లీగారూ దిగారు. సమ్మె ఓడింది. ఆయనను తొలగించి, తిరిగి తీసుకొన్నప్పుడు హోదా తగ్గించారు. సీనియారిటీ పోవడమంటే ఏమిటో మన రైల్వే కుటుంబాలకు చెప్పనక్కరలేదు. 1920లో ఇంజను డ్రైవర్ల సంఘం నెలకొల్పుటలో పాల్గొని, 1928లో పార్లమెంటుకు గెలిచారు. ప్రధాని అయినా ప్రభుత్వ భవనం వద్దని కాన్‌బెర్రాలో హోటలు గదిలోనే ఉన్నారు.

అటువంటివారు, 1949లో బొగ్గుగని కార్మికులు ఏడు వారాలు సమ్మె చేయగా, సంఘాల నిధులు బిగబట్టే చట్టం తెచ్చారు. నాయకులు జైలుకు పోయారు. ఆగస్టులో సైనికులను గనులలోకి దింపారు. నడి చలికాలం, బొగ్గు లేదు, వేరే దారి ఏదని కొందరంటారు. కావచ్చును. నాకు మాత్రం 1917 నాటి డ్రైవరే కళ్ళయెదుట నిలుస్తాడు.

డిసెంబరు ఎన్నికలలో ఆయన పార్టీ ఓడింది. 1951 జూన్ 13న ఆ హోటలు గదిలోనే గుండెపోటు వచ్చి, ఆసుపత్రి చేరేలోపుననే కన్నుమూశారు.