కరెంటు పోతే పద్దు ఏమైనట్టు?

హసన్‌పర్తిలో, కరీంనగర్ వెళ్లే రోడ్డు మీద ఓ కిరాణా దుకాణం ఉందనుకోండి. గల్లాపెట్టె పక్కన ఉద్దెర పుస్తకం పోయి కంప్యూటరొచ్చింది. నలభై అయిదున్నర రూపాయల చక్కెర ఉద్దెర పద్దు రాస్తుంటే... కరెంటు పోయింది! కాగితమైతే రాసినంత మేర ఉంటుంది. మరి ఇక్కడ?

అది లెక్కల్ని సాఫ్ట్‌వేర్ ఎలా దాస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఉచితంగా దొరికే గ్నూక్యాష్‌నే చూడండి. 1998లో తొలి వెర్షన్ వచ్చింది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. అందులో ఖాతాలన్నీ ఒకే ఫైలు. సేవ్ నొక్కినప్పుడల్లా పుస్తకమంతా మొదటి పేజీ నుంచి తిరగరాసినట్టే (పాత ప్రతిని పక్కన దాస్తుంది లెండి). 2010 డిసెంబరులో వచ్చిన 2.4 వెర్షన్‌తో ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేసుల్లోనూ దాచే వీలొచ్చింది. పద్దు పూర్తికాగానే అందులోకి వెళ్లిపోతుంది. సేవ్ నొక్కే పనిలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. చక్కెర పద్దు రెండుచోట్ల పడాలి... ఉద్దెర ఖాతాలో ఒకటి, అమ్మకాల్లో ఒకటి. ఒకటి పడి రెండోది ఆగిపోతే? డేటాబేస్ రెంటినీ ఒకే మూటగా కడుతుంది. పడితే రెండూ, లేదంటే ఏదీ లేదు. సగం పద్దు కన్నా లేని పద్దే నయం. మళ్లీ రాసుకోవచ్చు!

ఇంకో తమాషా... కంప్యూటర్‌కి పది పైసలు సరిగ్గా రాయడం రాదు! దానికి తెలిసినవి సున్నా, ఒకటి. మామూలు ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో 0.1ని పదిసార్లు కూడమంటే ఒకటి రాదు, 0.9999999999999999 వస్తుంది. అందుకే గ్నూక్యాష్ 45.50ని 4550, 100 అనే రెండు పూర్ణసంఖ్యలుగా దాస్తుంది. పైకి పంతులు గారి భిన్నాల లెక్కలా ఉన్నా, పైసా పోదు.

డేటాబేస్ కదా, నాన్న దుకాణంలో, కొడుకు ఇంట్లో ఒకేసారి రాయొచ్చనుకుంటాం. కుదరదు. గ్నూక్యాష్ తెరవగానే లెక్కలన్నీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత అవతలివారు రాసింది దానికి తెలియదు. అందుకే ఒకరు తెరిచి ఉంచితే రెండోవారిని హెచ్చరిస్తుంది. నాకైతే ఇది పెద్ద లోటే.

చిన్న దుకాణానికి ఎస్‌క్యూలైట్ చాలు. పుస్తకమంతా ఒక్క ఫైలే. రాత్రి షట్టరు దించేముందు గ్నూక్యాష్ మూసేసి, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇంటికి పట్టుకెళ్లండి. హార్డ్‌డిస్క్ పోతే ఏ డేటాబేసూ ఆదుకోదు.