అరిగిన నేల – అద్దె ధర్మము

దేహమును నవద్వారపురముగా, జీవుని అందు వసించువానిగా భగవద్గీత పంచమాధ్యాయము వర్ణించినది. ఆ ఉపమానమును భక్తితో శ్రవణము చేయువారే అద్దె ఇల్లు ఖాళీ చేయు దినమున అరిగిన నేలను గూర్చి యజమానితో కలహింతురు. యజమానియు భక్తుడే, అడ్వాన్సు తిరిగి ఇచ్చునపుడు మాత్రము గచ్చుపై ప్రతి గీతయు ఆయనకు గోచరమగును. విషయము అల్పముగా తోచవచ్చును గాని, అస్తేయవ్రతము పరీక్షకు నిలుచునది ఇట్టి చోటులందే.

యాస్కుని నిరుక్తమున షడ్భావవికారములు చెప్పబడినవి: పుట్టుట, ఉండుట, మారుట, పెరుగుట, క్షీణించుట, నశించుట. క్షయము ప్రతి వస్తువునకు సహజము. వాకిలి నుండి వంటయింటికి ఏండ్ల తరబడి నడచిన త్రోవలో తాండూరు బండ మెరుపు కోల్పోవును. మొజాయిక్ గచ్చు పాలిష్ పోవును. ఇది అపరాధము కాదు. నడచుటకే కదా నేల, అందులకే కదా అద్దె! ఆ అరుగుదల మూల్యము మాసమాసమునకు యజమానికి చేరియే ఉన్నది. దానిని అడ్వాన్సు నుండి మరల కోయుట ఒకే వస్తువును రెండు మారులు విక్రయించుట వంటిది. నిష్కర్షగా చెప్పవలెనన్న అది స్తేయమే.

లౌకిక శాసనమును ఇట్లే పలుకుచున్నది. ఒప్పందమున వేరు నియమము లేనప్పుడు, అద్దెదారు ఇంటిని తాను స్వీకరించిన స్థితిలోనే అప్పగింపవలెననియు, సముచితమైన అరుగుదల వలనను అనివార్యశక్తి వలనను కలిగిన మార్పులు మాత్రము మినహాయింపనియు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను విధించినది. రాజు, దైవము, చోరుల వలన పోయిన నిక్షేపమును చెల్లింపనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి పలికి, అడిగి తెచ్చుకొన్న వస్తువునకును అదే న్యాయమును విస్తరించినది. అద్దె ఇల్లు నిక్షేపము కాదు, నిజమే. అయినను వివేచనామార్గము ఒక్కటే: తన అజాగ్రత్త వలన కలిగిన నష్టమునకు మనుష్యుడు బాధ్యుడు, తన చేతిలో లేనిదానికి కాడు.

ఇంతమాత్రమున అద్దెదారు నిశ్చింతుడు కారాదు. బీరువాను ఎత్తక ఈడ్చగా పడిన గాటు, గ్యాసు సిలిండరు పడి పగిలిన టైలు, మరక పోగొట్టుటకు ఆసిడ్ పోయగా పాలిపోయిన పాలరాయి – ఇవి కాలము చేసినవి కావు. (పాలరాతికి ఆసిడే అక్కరలేదు; నిమ్మరసము, చింతపండు పులుసు చాలును.) పగులుపై చాప పరచి తాళములు అప్పగించుట నోరు విప్పకయే ఆడిన అసత్యము.

పూజగదిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. నిత్యదీపము క్రింద నూనె ఇంకిన బండ, కర్పూరము వెలిగించిన చోట నల్లని మచ్చ ఎన్నో ఇండ్లలో కానవచ్చును. దైవకార్యము వలన కలిగినది కదా యను సమర్థన నిలువదు. పరుల నేలపై దీపము పెట్టువాడు క్రింద పళ్ళెమొకటి ఉంచుట శౌచములో భాగమే. ఉంచనిచో ఆ బండను శుభ్రపరచు వ్యయము అతనిదే. ఇత్తడి పళ్ళెము ఖరీదు ఎంత!

టైలు ఒకటి పగిలినచో ఒకదాని మూల్యము, మేస్త్రీ కూలి ఇచ్చిన చాలును. అదే వన్నెది దొరకదను మాట తరచు సత్యమే. అయినను పదునైదేండ్లు నడచిన హాలునకు అద్దెదారు ధనముతో సరిక్రొత్త నేల వేయించుకొనుట నష్టపరిహారమనిపించుకొనదు. సందులు విడువక పరచినందున తమంతట తామే పైకి లేచు టైళ్ళ భారమును యజమానిదే.

గృహప్రవేశదినమున ఇరువురును గదిగదికి నేల చూచి, ఛాయాచిత్రములు తీసి, ఉన్న పగుళ్ళను వ్రాసి ఒప్పందపత్రమునకు జతపరచినచో పెక్కు వివాదములు పుట్టనే పుట్టవు. ముహూర్తము చూచి పాలు పొంగించుటకున్న శ్రద్ధ ఇందులకు ఉండదు. ఆ పత్రము లేనిచోట, పగులు పూర్వమే ఉన్నదని అద్దెదారు, లేదని యజమాని పలుకుదురు. ఇరువురిలో ఒకరు అసత్యమాడుదురు, కొన్ని మారులు అది అసత్యమని తమకే తెలియక.