సముద్రంలో వేట సరదా: మెట్టవాసులు ముందు తేదీలు చూసుకోవాలి

ఉదయగిరి, ఆత్మకూరు: నలుగురు కలిసి చందాలు వేసుకుని, ఆదివారం మైపాడులో పడవ బాడుగకు తీసుకుని చేపలు పడదామనుకునే మెట్ట ప్రాంతం వారు ముందుగా క్యాలెండరు చూసుకోవాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు, ఇంజను పడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఈ కట్టడి. బడి పిల్లల వేసవి సెలవులూ ఆ రోజుల్లోనే. బాడుగకు ఆశపడి పడవ తీసిన యజమాని అధికారులకు చిక్కితే అతని జీవనాధారానికే ముప్పు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. 1989 నవంబరులో కావలి వద్ద పెను తుపాను తీరం దాటింది. ఇక మిగిలేవి సంవత్సరం మొదటి మూడున్నర నెలలు, జూన్ నడుమ నుంచి సెప్టెంబరు వరకు. అప్పుడైనా వాతావరణ హెచ్చరిక లేని రోజే బయలుదేరాలి.

సోమశిల నీటిలో తెప్ప ఎక్కిన ధైర్యం సముద్రంలో చాలదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అది నది; ఇది సముద్రం. పైగా వేట పడవ జనాన్ని మోసేందుకు కట్టింది కాదు.

పడవకు రిజిస్ట్రేషను ఉందా? తలకొక లైఫ్ జాకెట్టు ఉందా? తిరిగి వచ్చే వేళ ఒడ్డున ఎవరికైనా చెప్పారా? వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ఒడ్డున చేపలు కొనుక్కుని ఇంటికి రావడమే మేలు.