ఊరి పెద్దలకు ఉమ్మడి వంటిల్లు

ఊళ్ళో ఉన్నవారికి, ఊరు విడిచి హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న మన పిల్లలకు,

మన ఊళ్ళో తాళం పడని ఇళ్ళలో చాలాచోట్ల మిగిలింది ఒకరో ఇద్దరో ముసలివాళ్ళే. పొద్దున ఇంత బియ్యం పడేస్తారు. అదే మధ్యాహ్నానికి, మిగిలితే రాత్రి మజ్జిగలోకి. కూర వండలేదేమని అడిగితే "ఒక్కదానికి కూరేమిటమ్మా" అంటారు. ఆవకాయ బద్దతో సరిపెట్టుకుంటారు, బీపీ బిళ్ళ వేసుకునే వాళ్ళు కూడా. రాత్రి డల్లాస్ నుంచి వీడియో కాల్ వస్తుంది. "తిన్నావా అమ్మా?" "తిన్నా నాన్నా." ఏం తిన్నదీ ఆ ఫోన్లో కనపడదు. మేడ ఇంట్లోనూ ఇదే తంతు, పూరింట్లోనూ ఇదే తంతు.

మూతపడ్డ పాల కేంద్రం భవనంలో రెండు పూటలా ఒకే వంట చేయిద్దాం. నడవగలిగినవాళ్ళు వచ్చి తింటారు, మంచం పట్టినవాళ్ళకు క్యారేజీ వెళుతుంది. గుజరాత్‌లో మెహసానా జిల్లా చాందన్‌కీలో ఇది నడుస్తోంది. పిల్లలు అహ్మదాబాదుకీ అమెరికాకీ వలసపోగా మిగిలిన పెద్దలు ఇళ్ళలో పొయ్యి వెలిగించడం మానేసి ఒకే హాల్లో భోంచేస్తున్నారు. మనిషికి నెలకు సుమారు 2000 రూపాయలని పత్రికల్లో వచ్చింది. వాళ్ళ ఊరి కథకూ మన ఊరి కథకూ తేడా పెద్దగా లేదు.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని అప్పుడే ఎవరో అనే ఉంటారు. పుచ్చి చచ్చిన ఉమ్మళ్ళు చాలానే ఉన్నాయి, కాదనం. కానీ ముల్కనూరును కూడా చూడాలి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనుకుని పెట్టిన ఆ రైతు సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఆ ప్రాంతపు ఆడవాళ్ళు తర్వాత సొంత పాల డెయిరీ కూడా పెట్టుకున్నారు. సభ్యుల సొమ్ము అందులో ఉంది, లెక్క అడిగే హక్కు వాళ్ళకుంది. అలాంటి సంఘాల కోసమే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మన వంటింటినీ దాని కిందే రిజిస్టరు చేయిద్దాం.

ప్రభుత్వమే పెడితే పోలా అనేవాళ్ళూ ఉన్నారు. అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, ప్రభుత్వం మారగానే 2019లో తాళాలు పడ్డాయి, మళ్ళీ 2024లో తెరిచారు. మధ్యలో అయిదేళ్ళు. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి కడుపు ఎన్నికల ఫలితాల కోసం ఆగదు.

కలిసి తినడంలో ఎక్కడ ఆగాలో ఇజ్రాయెల్‌లోని ఉమ్మడి పల్లెలు, కిబ్బుట్జుల నుంచి నేర్చుకోవచ్చు. 1910లో గలిలీ సరస్సు ఒడ్డున దెగానియాతో మొదలైన ఆ పల్లెల్లో సొంత ఆస్తి ఉండేది కాదు, భోజనం ఒకే హాల్లో. చాలాచోట్ల పసిపిల్లల్ని కూడా రాత్రిళ్ళు తల్లుల దగ్గర కాక పిల్లల ఇళ్ళలో పడుకోబెట్టేవారు. తల్లులు ఒప్పుకోలేదు. 1990లు ముగిసేసరికి ఆ పద్ధతి పోయింది. 1980లలో అప్పుల్లో మునిగాక చాలా కిబ్బుట్జులు భోజనానికి ఇంతని వెల కట్టాయి. కాబట్టి మనం వంట ఒక్కటే కలుపుదాం. ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి పొలం వాళ్ళది. చేపల పులుసు తినాలనిపిస్తే ఎవరి పొయ్యి వాళ్ళకు ఉండనే ఉంది.

అసలు చిక్కు వేరు, అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వండేదెవరు? ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు? మా మాట ఇది: వంటమనిషిని కులం అడగం. బంతి ఒక్కటే. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అనే మర్యాదలు ఇక్కడ కుదరవు. మనవలు బడిలో ఒకే బంతిలో తింటున్నారు, తాతలకు ఏం నష్టం? ఇష్టం లేనివారు మానుకోవచ్చు, వారికోసం ఇంకో గుండిగ మాత్రం ఎక్కదు. ఈ ఒక్క షరతు సడలిస్తే వంటిల్లు మొదలుపెట్టకపోవడమే నయం.

లెక్క ఇలా వేశాం. నలభైమంది, మనిషికి 2500, మొత్తం లక్ష. ఇద్దరు వంటవాళ్ళకూ ఒక సాయానికీ జీతాలు 32,000. మిగిలిన 68,000 సరుకులకూ గ్యాసుకూ కరెంటుకూ పోతే పూటకు మనిషి మీద 28 రూపాయల చిల్లర పడుతుంది. అన్నం, పప్పు, కూర, మజ్జిగ దానికి వస్తాయి. ఆదివారం కావాలన్నవారికి గుడ్డు. 4000 పింఛను మీద బతికేవారికి 2500 బరువే. వాళ్ళు సగం డబ్బిచ్చి, మిగతా సగానికి కూరలు తరగడమో పెరట్లో కాసిన ఆనపకాయ తేవడమో చేయవచ్చు. అదీ చేతకానివారి సంగతి సంఘం చూస్తుంది.

ఆకలన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిది దానం, ఆవిడకు దండం. ఇది వాటా. విదేశాల్లోని పిల్లలు గుండిగలు, ఫ్రిజ్ కొనివ్వండి, సంతోషం. పేరు చెక్కిన పలక ఉండదు, సంఘంలో రెండో ఓటూ ఉండదు.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి పంచాయతీ ఆఫీసు ఆవరణలో కూర్చుందాం. రాలేని పెద్దల ఇళ్ళకు శనివారమే మేం వచ్చి మాట రాసుకుంటాం. వంటకు వద్దామనుకునే ఆడవాళ్ళు, మగవాళ్ళు జీతం ఎంత అడగాలో ముందే ఆలోచించుకుని రండి.