తాళము ఎరువైనను గొంతు మనదై యుండవలదా?

అమెరికా దేశపు క్రైస్తవ గాయకుడు లెక్రే 2025వ సంవత్సరమున 'రీకన్‌స్ట్రక్షన్' అను నూతన గీతసంపుటమును వెలువరించెను. అది హిప్‌హాప్ అనబడు సంగీతము. రాగమును సాగదీయుటకంటె తాళముపై మాటలను వడిగా, ప్రాసతో పలుకుట అందు ముఖ్యము. సముద్రముల కావల పుట్టిన పాట నేడు నిమిషములో జహీరాబాదు యువకుని చేతిలోని ఫోనునకు చేరుచున్నది. తెలుగున యేసు గీతములను ఈ ఫక్కిలో పలుక యత్నించువారును బయలుదేరినారు. ఇందుకు సంఘపు పెద్దలలో కొందరు కన్నెఱ్ఱ చేయుచున్నారు. దేశాభిమానులలో కొందరు పెదవి విరచుచున్నారు. ఒకరికి ఇది వీధిపాట, మరియొకరికి పరదేశపు పాట. ఈ రెండు ఆక్షేపణలును అసలు ప్రశ్నను తప్పించుకొనుచున్నవని మా యభిప్రాయము.

పరదేశపు దనుటను మొదట విచారింతము. కర్ణాటక సంగీతసభలో నేడు వయొలిను లేని కచేరీ యరుదు; అది యూరపునుండి వచ్చిన వాద్యమే. హార్మోనియమును అట్టిదే. అది మన సంగీతమునకు తగదని 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించెను. 1971లోగాని ఆ నిషేధము సడలలేదు. ఈ ముప్పదియేండ్లును పల్లెటూళ్ల భజనమందిరములు హార్మోనియమును వదలలేదు. పండితులు పరాయిదన్నదానిని ప్రజలు తమదిగా చేసికొనిరి. వాద్యము ఎచట పుట్టినదను ప్రశ్నకు ప్రజ లిచ్చిన ప్రత్యుత్తర మిది.

తెలుగు క్రైస్తవుల పాటకును ఇట్టి చరిత్రయే కలదు. పురుషోత్తమ చౌధరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రైస్తవుడైనవాడు. దొరల పాటలకు దొరల వరుసలోనే తెలుగు మాటలు తొడిగి తృప్తిపడక, రాగతాళములు గల కీర్తనలను ఆయన తెలుగున రచించెను. అవి నేటికిని 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను గ్రంథమున నిలిచి, ఆరాధనలలో పాడబడుచున్నవి. మతము దూరమునుండి వచ్చినను పాట ఇచటి నేలలో వేరు పాతుకొన్నది. ఇంతటి దృష్టాంతము ఇంటనే యుండగా క్రొత్త ఫక్కికి భయపడ నేల?

ఇక వీధిపాట యను నిందను చూతము. హిప్‌హాప్ 1973లో న్యూయార్కునందలి బ్రాంక్స్ పేటలో, పేద నల్లజాతీయుల నడుమ పుట్టినదని చెప్పుదురు. అందు బూతులును, హింసయు చోటుచేసికొన్న మాట నిజమే. కాని తమ యిండ్లను, తమ యాకలిని, తమపై పడు లాఠీని గూర్చి తమ మాటలలో చెప్పుకొనుటకు నిరుపేద యువకులు కనుగొన్న సాధనమును అదియే. లెక్రే ఈ సాధనమున తన విశ్వాసమును చెప్పెను. ఆయన 'గ్రావిటీ' సంపుటము 2012లో వెలువడి, మరుసటి సంవత్సరము భక్తిగీత సంపుటములకిచ్చు గ్రామీ బహుమానమును పొందెను. 2014 నాటి 'అనామలీ' ఆ దేశపు సమస్త సంగీత సంపుటముల పట్టికలో ప్రథమస్థాన మెక్కెను. అంతవరకు అతనిని భుజములపై మోసినవారిలో తెల్లవారు విస్తారముగా నుండిరి. అతడు నల్లవారికి జరుగు అన్యాయమును గూర్చి బాహాటముగా పలుక నారంభింపగానే వారిలో అనేకులు మొగము త్రిప్పుకొనిరి. అతడు వెనుదీయలేదు. అతని కీర్తికంటె ఈ నిలుకడయే మనకు నేర్వదగినది.

ఇపుడు మన సీమకు వత్తము. జహీరాబాదు 1956వరకు బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ కలిసి వినబడు ప్రాంతము. బీదరు, వికారాబాదు కేంద్రములుగా అమెరికా మెథడిస్టు మిషను ఈ ప్రాంతమున పనిచేసినది. సమీపముననున్న ధారూరులో దాదాపు శతాబ్దకాలముగా జరుగు క్రైస్తవ జాతరకు బండ్లు కట్టుకొని పోయిన పల్లెల మనుమలు నేడు బస్సులెక్కి పోవుచున్నారు. ఈ ప్రజలలో దళితులు అధిక సంఖ్యాకులు. వీరి బిడ్డలు హిప్‌హాప్‌ను చేపట్టునెడల మే మడుగునది మూడు విషయములే.

మొదటిది భాష. ఆంగ్లమునకు మాటలో ఊనిక ప్రాణము. తెలుగునకు హ్రస్వదీర్ఘములు ప్రాణము. కలము వేరు, కాలము వేరు. వడి వేరు, వాడి వేరు. ఆంగ్లపు నడకకు సరిపడునట్లు తెలుగు మాటను సాగదీసినను, కత్తిరించినను పాట వినబడునేగాని భావము చెవి కెక్కదు. ఒగ్గుకథ చెప్పువాడును, బుర్రకథ చెప్పువాడును ఎంత వడిగా పలికినను మాట చెడదు. వారియొద్ద నాలుగు దినములు కూర్చుండి నేర్చుకొన్నవానికి అమెరికా గాయకుని ఉచ్చారణ ననుకరింప నవసరము కలుగదు. జహీరాబాదు పల్లెలో అవ్వ మాటలాడు తెలుగు పాటకు చాలినంత సొంపు గలది.

రెండవది డప్పు. తాతలు వాయించిన డప్పును గ్రామదేవతల జాతరకు సంబంధించినదనియు, వెట్టికి గుర్తనియు తలచి ఆలయపు గుమ్మము దాటనీయని సంఘములు కొన్ని గలవు. వెట్టిని మరువగోరుట న్యాయమే. కాని విద్యుత్ పెట్టెనుండి వచ్చు కృత్రిమపు డప్పుమోత పవిత్రమై, చర్మము బిగించి నిప్పుసెగ చూపి మ్రోగించు నిజమైన డప్పు అపవిత్రమగుట ఏ న్యాయము? నీచత్వము వాద్యమున లేదు, వాయించువానిని నీచముగా చూచిన కన్నులలో నున్నది.

మూడవది, ముఖ్యమైనది విషయము. దళితుడు క్రైస్తవు డయినంతమాత్రమున ఊరివారు అతని కులమును మరువరు. ప్రభుత్వము మాత్రము మరచును. షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసిన 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడెను. క్రైస్తవులకు మాత్రము వర్తింపలేదు. ఈ విషయమున ఎవరి వాదము వారికి గలదు. కాని ఈ చిక్కులో జీవించువాడు తన పాటలో దానిని ముట్టకుండుట వింత కాదా? చెఱకు తోటలో కూలి, వానకై చూచిన చూపు, పట్నపు కర్మాగారములో పని కొఱకు పడిగాపులు, ఇవి భక్తికి వెలియైన విషయములా? దావీదు కీర్తనలలో స్తోత్రముతోబాటు మొరయు నున్నదిగదా! మొర లేని హిప్‌హాప్, లెక్రే చొక్కా తొడుగుకొన్నట్లుండునేగాని లెక్రే ధైర్యమును తెచ్చుకొన్నట్లుండదు.

ఇది కాని పని యని యనువారు జహీరాబాదు ప్రక్కనున్న మాచునూరు పోయి చూతురుగాక. డెక్కను డెవలప్‌మెంటు సొసైటీ తోడ్పాటుతో 2008లో అచట నారంభమైన సంఘం రేడియోను నడుపువారు పల్లెటూరి దళిత స్త్రీలే. పెద్ద చదువులు లేకయే వారు యంత్రములను చేపట్టి, తమ పంటలను, తమ పాటలను తమ యాసలో ప్రసారము చేసిరి. యంత్రము పరదేశపుది, గొంతు తమది. ఇంతకంటె మంచి పాఠశాల మన యువకులకు దొరకునా?

కావున సంఘపు పెద్దలు ఈ పిల్లలను వెలివేయక, ఆరాధన ముగిసిన పిదప ఒక గంట చోటిచ్చి వినవలయును. మాట తప్పిన చోట దిద్దవలయును. ముదుసళ్లకు వచ్చిన పాటలను పిల్లలు వారితోడనే అంతరింపనీయక నేర్చుకొని, వాని నడకను తమ పలుకునకు పునాది చేసికొనవలయును. తాళము బ్రాంక్స్ నుండి వచ్చినను వచ్చుగాక. దానిపై నిలిచిన మాట విని మంజీర యొడ్డున కూలికి పోవు తల్లి 'ఇది నా బిడ్డ మాట' యని గుర్తింపగల్గిననాడు ఆ పాట పరదేశిది కాదు. గుర్తింపలేనినాడు అది తెలుగు లిపిలో వ్రాసికొన్న ఆంగ్లపు పాట మాత్రమే.