ఆటకు గంట కొట్టేదెవరు?

చైనాలో లాగా మన దగ్గర కూడా పిల్లల వీడియో గేములకు ప్రభుత్వమే టైం పెట్టాలి. ఈ మాట ఈమధ్య మన స్టాఫ్ రూముల్లో, పేరెంట్స్ మీటింగుల్లో, ఆఖరికి మన యువజన సంఘాల సమావేశాల్లో కూడా వింటున్నాను. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. రాత్రంతా ఫ్రీ ఫైర్ ఆడి మొదటి పీరియడ్‌లోనే బెంచీ మీద తల వాల్చే పిల్లవాణ్ణి చూసి విసిగిపోయినవాళ్లు. నేనూ అలాంటి పిల్లలకే పాఠం చెప్తున్నాను. అయినా ఆ కోరిక తప్పంటున్నాను. ఆదివాసీలమైన మనం అసలే కోరకూడదంటున్నాను.

చైనా పేరు తెచ్చారు కాబట్టి చైనా సంగతే చూద్దాం. 18 ఏళ్ల లోపువాళ్లు మామూలు రోజుల్లో గంటన్నర, సెలవు రోజుల్లో 3 గంటలకు మించి ఆన్‌లైన్ గేములు ఆడరాదని 2019లో అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. అది చాలదని 2021 సెప్టెంబరు 1 నుంచి ఇంకా బిగించింది. శుక్ర, శని, ఆదివారాలు, పండుగ సెలవుల్లో మాత్రమే, రాత్రి 8 నుంచి 9 వరకు. అంతే. మరి ఫోను పట్టుకున్నది పిల్లవాడో పెద్దవాడో కంపెనీకి తెలిసేదెలా? అసలు పేరుతో, ప్రభుత్వ గుర్తింపు నంబరుతో నమోదు చేసుకోవాలన్నారు. పిల్లలు తాతల పేర్లతో, తల్లుల పేర్లతో ఆడారు. అప్పుడు టెన్సెంట్ కంపెనీ రాత్రిపూట ఆడేవాళ్ల ముఖాలను కెమెరాతో తనిఖీ చేయడం మొదలుపెట్టింది. గంటలు లెక్కపెట్టడానికి వచ్చిన నిబంధన ఇంట్లో దూరి ముఖాలు చూసేదాకా పోయింది.

పోనీ, ఫలితమైనా వచ్చిందా? 2019 నిబంధన వల్ల అతిగా ఆడడం తగ్గిందనడానికి తమకు ఆధారం దొరకలేదని 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. దక్షిణ కొరియా 2011లోనే 16 ఏళ్ల లోపువాళ్లకు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ ఆట బంద్ అని చట్టం చేసింది. పదేళ్లు నడిపి, 2022 మొదట్లో తానే ఎత్తేసింది.

మన దేశంలో అనుభవం లేదనుకోకండి. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోలీసులు పబ్జీని నిషేధించి, ఫోనులో ఆడుతున్న కాలేజీ పిల్లలను అరెస్టు చేశారు. దొంగతనం లేదు, కొట్లాట లేదు. ఆడుతున్నారు, అంతే. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. సిగ్నల్ కోసం మన పిల్లలు గుట్టలెక్కారు. అప్పులు చేసి ఫోన్లు కొన్నాం. ఆ మర్నాడే కేంద్రం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. కారణం దేశ భద్రత అన్నారు. పిల్లల నిద్ర గురించి ఆ ఉత్తర్వు రాలేదు. ఏడాది తిరక్కుండా అదే ఆట కొత్త పేరుతో మళ్లీ వచ్చింది. పాలకులు పిల్లల పేరెత్తినప్పుడు ఈ వరస గుర్తు పెట్టుకోవాలి.

ఇక మన సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవమని యువతను కోరుతున్నాను.

1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. మన ఎరుకల అన్నదమ్ములు ఏ తప్పూ చేయకుండానే పుట్టుకతో నేరస్థులయ్యారు. రిజిస్టరులో పేరు, వేలిముద్ర. చెప్పిన వేళకు హాజరు. ఊరు దాటాలంటే అనుమతి. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు పెట్టి, ఇదంతా మిమ్మల్ని బాగుచేయడానికే అన్నారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. చట్టం పోయినా మచ్చ పోలేదని ఆ ఊరి వాళ్లను అడిగితే చెబుతారు.

గేము ఆపడాన్నీ సెటిల్‌మెంటునీ ఒక్కటి చేస్తున్నానని ఎవరైనా అంటారేమో. బాధ ఒకటి కాదు, నాకు తెలుసు. పద్ధతి మాత్రం అదే. నీ మంచి మాకు తెలుసు, నీ పొద్దు మేం పంచుతాం, నువ్వెవరో ముందు నమోదు చేయించుకో అనే పద్ధతి. పోడు కొట్టవద్దన్నప్పుడూ, ఇప్పసారా కాయవద్దన్నప్పుడూ, మన మంచికేనని చెప్పారు. మన గూడేల్లో భూమి పండుగకు రాత్రి తెల్లవార్లూ రేల పాడి ఆడినవాళ్లం మనం. ఎన్ని గంటలకు ఆపాలో ఏ దొరా చెప్పలేదు. మర్నాడు విత్తనం చల్లేదీ మనమే కాబట్టి మన ఆట ఎక్కడ ఆగాలో మనకు తెలుసు.

అలాంటి నిబంధన రేపు మన ఏజెన్సీకి వస్తే ఎలా ఉంటుందో చెప్తాను. ఇంటికొక ఫోను. అది తండ్రి పేరు మీద ఉంటుంది. అంటే యంత్రం లెక్కలో ఆడేది పెద్దమనిషే. కాబట్టి ముఖమో ఆధారో అడుగుతారు. మన పిల్లల ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, స్కూలు రిజిస్టరులో ఇంకో తీరు. పుట్టిన తేదీల మాట చెప్పనే అక్కర్లేదు. తల్లికి గుర్తున్నది వానాకాలమో, జొన్న కోతలో. మన సార్లే అడ్మిషన్ నాడు జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేశారు. ఆ తేదీని బట్టి వీడికి ఆడే వయసు వచ్చిందో లేదో కంప్యూటర్ తేలుస్తుందట! స్కాలర్‌షిప్ కోసం ఆ తప్పు దిద్దించడానికి మండలం చుట్టూ తిరిగినవాళ్లం, ఇక ఆట కోసం కూడా తిరగాలి.

పిల్లలకు స్వేచ్ఛ ఏమిటండీ, వాళ్లకేం తెలుసు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పిల్లవాడికి అదుపు కావాలి. క్లాసులో ఫోను కనబడితే నేను తీసి బీరువాలో పెడతాను, సాయంత్రం ఇస్తాను. కానీ వాడు నా ఎదుట నిలబడి సార్, ఇది అన్యాయం అనగలడు. వాళ్లమ్మ వచ్చి నాతో పోట్లాడగలదు. ఒకోసారి వాళ్లే గెలుస్తారు. ఢిల్లీలో గీసిన గంటతో, ఎక్కడో ఉన్న సర్వర్‌తో ఎవరు పోట్లాడతారు? ఎదురు మాట్లాడే చోటు లేని అదుపులో పెరిగిన పిల్లవాడు రేపు అటవీ అధికారి ముందు నోరు విప్పుతాడా?

ప్రభుత్వం చేయాల్సిన పని లేదని కాదు. ఉంది, కంపెనీల మీద. రోజూ రాకపోతే బహుమతి పోతుందని బెదిరించే ఆట, తుపాకీ రంగు మార్చుకోవడానికి డబ్బు గుంజే ఆట, పిల్లవాడు లేవకుండా కట్టిపడేసే లెక్కలు. వాటి మెడ పట్టుకోండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడించే ఆటలను నిషేధించి, నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆడినవాణ్ణి నేరస్థుణ్ణి చేయలేదు. ఆ చట్టంలో లోపాలుండవచ్చు గానీ, వేలు చూపిన దిక్కు సరైనది.

ఇంట్లో ఎన్ని గంటలన్నది తల్లిదండ్రులు, పిల్లలు కూర్చుని తేల్చుకోవాలి. ఊరంతటి సమస్య అయితే గ్రామసభ ఉంది. మన కట్టుబాట్లను కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం మన గ్రామసభకే ఇచ్చింది. ఆ సభలో పిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఏం ఆడుతున్నారో, ఎవరితో ఆడుతున్నారో వాళ్ల నోటనే వినండి. ఫోనులో ఆడే జట్టు కోసమే వచ్చీరాని హిందీ నేర్చుకున్న పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు.

ఇంకోటి కూడా అడగండి. సాయంత్రం 4 తర్వాత మన ఆశ్రమ పాఠశాల పిల్లవాడు ఎక్కడ ఆడాలి? గ్రౌండు ఉంటే రాళ్లు, రాళ్లు తీస్తే బంతి లేదు, బంతి ఉంటే పీఈటీ లేడు. ఆటకు టైం పెడతామనే పెద్దలు మీ ఊరొస్తే, ముందు పీఈటీ పోస్టు ఎప్పుడు నింపుతారో తేదీతో సహా రాసివ్వమనండి.